ఏడో తెప్ప తెల్లగీత

శుద్ధ విదియ. సముద్రం మామూలు, తూర్పు గాలి.

పొద్దున గీత మీద ఆరుగురు నడిచారు. ఐదుగురు నిలిచారు, ఒకడు తూలాడు. తూలినవాడు మా మరిది నూకరాజు. ఇంట్లోవాడు కదా అని వదిలేస్తే రేపు ఎవరైనా నా మొహం మీదే అడుగుతారు. అందుకే తూలాడనే పలికాను.

ఏడో తెప్పకి గీత పెద్దని నేను. ఊరంత తెప్పని సముద్రం మీద కదలకుండా పట్టి ఉంచేవి నాలుగు మోకులు, లావుపాటి తాళ్ళు. పోటుకి వాటిని వదులు చేయాలి, ఆటుకి బిగించాలి. ఆ పని చేసే మోకు గదిలోకి వెళ్ళే ప్రతివాడూ ముందు నా ఎదురుగా తెల్లగీత మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. మడమకి కాలివేలు ఆనించి, చేతులు చాపకుండా. నడిచాక నేను ఒక్క మాటే అంటాను. నిలిచాడు, లేదంటే తూలాడు. మూడుసార్లు తూలితే తాగినట్టు లెక్క. తాగినవాణ్ణి పౌర్ణమికి వచ్చే సరుకుల బోటెక్కించి ఒడ్డు శిబిరానికి పంపేస్తాం. అక్కడికి పోయి మళ్ళీ తెప్ప మొహం చూసినవాడు ఇంతవరకు లేడు.

తెప్పే ఊగుతుంటే మనిషి తూలడం తప్పెలా అవుతుందని కొత్తవాళ్ళు అడుగుతూ ఉంటారు. తెప్ప మీద పెరిగిన కాళ్ళకి ఆ ఊపు తెలియనే తెలియదు. ఇక గీత ఎందుకంటే, పెద్ద మోకు తెగిన రోజున ఆ గదిలో తాగి పడుకున్నవాడు మా ఆయన. ఆయనతో కలిపి పదకొండు మంది పోయారు. ఆ తర్వాతే గీత గీశారు. తాగుడు మీద నాకున్నంత కసి ఇంకెవరికీ ఉండదని దాన్ని నాకప్పగించారు. వాళ్ళు అనుకున్నది నిజమే.

నూకరాజూ ఆ రోజుల్లో పీకల్దాకా తాగేవాడు. అన్న శవాన్ని నీళ్ళలోంచి తీసిన చేతులతోనే సీసా సముద్రంలోకి విసిరేశాడు. మళ్ళీ ముట్టలేదు. ఇవాళ మాత్రం సగం గీత దాటగానే కుడిపక్కకి ఒరిగిపోయాడు. కడుపు బాగోలేదు, నీరసం అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు.

శుద్ధ పంచమి. కెరటాలు కొంచెం ఎత్తు.

వానలు పట్టినప్పటి నుంచి తెప్పంతా కడుపు జబ్బే. ఒడ్డు నుంచి వచ్చే చేదు బిళ్ళలే దిక్కు. మింగితే రోజంతా నోట్లో ఇనుము నాకినట్టుంటుందిగాని జబ్బు మాత్రం ఠక్కున కట్టేస్తుంది. ఇక్కడ ఏదీ పారేయకూడదు కదా, ఎవరింట్లో మిగిలిన బిళ్ళలు వాళ్ళు తెచ్చి నా దగ్గరున్న కుండలో వేస్తారు. మంచినీళ్ళ తొట్టి కడిగేవాళ్ళకి జబ్బు తొందరగా అంటుకుంటుందని, వాళ్ళకి పొద్దునొకటీ సాయంత్రమొకటీ నేనే నా చేత్తో ఇస్తాను. నూకరాజు మోకు పని అయ్యాక తొట్టి కూడా కడుగుతాడు. కాబట్టి వానలు పట్టిన దగ్గర్నుంచీ అతనికీ రెండు బిళ్ళలు.

కడుపు బాగోలేదన్నాడని ఇవాళ్టి నుంచి అతనికి నాలుగు చేశాను. గీత దగ్గర వదిలిపెట్టనుగాని, మనిషి మీద జాలి లేనిదాన్ని కాదు. ఒక గిన్నె గంజి పోసి, బిళ్ళ అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా కూర్చున్నాను. నన్ను పసిపిల్లాణ్ణి చేసేశావేంటి వదినా అని వెక్కిరించాడు.

నా బాతులు కూడా పారుకుంటున్నాయి. తడిసి ముక్కలైన బిళ్ళలు తవుడులో కలిపి పెడుతున్నాను. పొదుగు మీదున్న మూడింటికి మాత్రం చేప ముక్కలే. అవి తవుడు ముట్టవు, వాటి గీర వాటిది.

శుద్ధ దశమి. ఉక్క.

నూకరాజు రెండోసారి తూలాడు. ఈసారి గీత మొదట్లోనే. పైగా మాట ముద్దగా వస్తోంది. "వదినా" అనబోతే నాలుక మడతపడింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆ మాటతీరు నాకు కొత్తది కాదు. మా ఆయన చీకటిపడ్డాక ఇంటికి వచ్చి అలాగే పిలిచేవాడు.

తెప్ప పెద్ద సింహాద్రి ఇద్దర్ని వెంటబెట్టుకుని నూకరాజు గది వెతికించాడు. పక్క దులిపారు, వల విప్పారు, ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి చూశారు. సీసా దొరకలేదు. నోరు వాసన చూస్తే ఇనుము వాసన. తాగినవాళ్ళకి వాసన దాచే ఉపాయాలు చాలా ఉంటాయని సింహాద్రి అన్నాడు. నేనూ తలూపాను.

నూకరాజు పెళ్ళాం ఝాన్సీ నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎప్పుడూ నా ముందు గొంతెత్తని మనిషి, ఇవాళ ఎత్తింది.

"ఆయన నా పక్కనే పడుకుంటున్నాడు. తాగితే నీకంటే ముందు నాకు తెల్దా అక్కా? పొద్దున్నే లేచి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అరికాళ్ళు మొద్దుబారిపోయినాయంటున్నాడు. నువ్వు పెద్దదానివి కదా, ఏటయిందో కనుక్కో."

మొగుణ్ణి వెనకేసుకు రావడం నాకు తెలియని విద్యా? పదేళ్ళు అదే పని చేశాను. ఆ మాటే ఝాన్సీతో అనేశాను. ఆమె వెనుదిరిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం నూకరాజు బిళ్ళ కోసం వచ్చాడు. తాగావా అని సూటిగా అడిగాను.

"ఒట్టు వదినా, సుక్క ముట్టలేదు. కాళ్ళల్లో సీమలు పాకుతున్నట్టుంది. నేలెక్కడుందో తెలీట్లేదు."

నమ్మాలనే ఉంది నాకు. కానీ పదకొండు మంది పోయిన తెప్ప ఇది. బిళ్ళ చేతిలో పెట్టాను. మింగాడు.

శుద్ధ చతుర్దశి. పోటు పెరుగుతోంది.

మూడోసారి.

వద్దని ఎవరైనా ఆపుతారేమో అన్నట్టు చుట్టూ చూసి గీత మీద కాలు పెట్టాడు. రెండడుగులు వేసి మోకాళ్ళ మీద పడ్డాడు. లేవబోయి మళ్ళీ పడ్డాడు. చంటిపిల్ల ఒకతి నవ్వితే తల్లి దాని నోరు మూసింది. తూలాడు అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత చిన్నగా ఎప్పుడూ రాలేదు. వెనకవాళ్ళకి వినపడలేదేమో, సింహాద్రి గట్టిగా మళ్ళీ పలికాడు.

మోకు గది తాళంచెవి మొలతాడు నుంచి విప్పడానికి నూకరాజు వేళ్ళు సహకరించలేదు. నేనే విప్పి తీసుకున్నాను.

పౌర్ణమి. నిండు పోటు.

బోటు వచ్చింది, నూకరాజుని తీసుకుపోయింది. బోటులోకి దించడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. ఝాన్సీ కూడా వెళతానంది. తాగనివాళ్ళని శిబిరం చేర్చుకోదని బోటువాడు ఒప్పుకోలేదు.

మూటలో ఎండు సావిడాయ చేపలూ, ఒక దుప్పటీ, బిళ్ళల పొట్లమూ కట్టి ఇచ్చాను. శిబిరంలో నీళ్ళు మంచివి కావంటారు. కడుపు జాగ్రత్త, రోజుకి నాలుగు తప్పకుండా వేసుకో అని చెప్పాను. నూకరాజు నా వంక చూస్తూనే ఉన్నాడుగాని కళ్ళు ఒకచోట నిలవడం లేదు, పక్కకి జారి మళ్ళీ వెనక్కి వస్తున్నాయి.

"సరే వదినా" అన్నాడు. ముద్దగానే అన్నాడు.

అన్నం సయించలేదు. చేసింది తప్పు కాదని పదిసార్లు అనుకున్నాను. తప్పు కాకపోతే పదిసార్లు అనుకోవడం ఎందుకో.

బహుళ విదియ. గాలి లేదు.

బాతులకి ఏదో అయింది.

బాతంటేనే ఊగుతూ నడిచే జాతి. ఇది ఆ ఊపు కాదు. మెడలు ఒకపక్కకి వంకర తిరిగిపోయాయి. నీళ్ళ తొట్టి దగ్గరికి పోదామని బయలుదేరి, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతున్నాయి. పెద్ద పుంజుబాతు వెల్లకిలా పడి, కాళ్ళు గాల్లో ఆడిస్తూ, ఎంతకీ లేవలేకపోయింది. దాన్ని ఎత్తి నిలబెట్టాను. రెండడుగులు వేసి ముందుకి పడింది.

సరిగ్గా రెండడుగులే.

పొదుగు మీద మూడూ శుభ్రంగా ఉన్నాయి. దగ్గరికి పోతే ఎప్పటిలాగే పొడవడానికి వచ్చాయి. గూళ్ళు పక్కపక్కనే ఉన్నాయి, నీళ్ళూ ఒకటే. తవుడు ఒక్కటే తేడా. తవుడులో ఏం కలిపానో నాకు తెలుసు. బాతులకి సారా ఎవరూ పోయలేదు.

బహుళ తదియ. జల్లు.

పొద్దున్నే రేడియో గదికి పోయి మందుల బోటు డాక్టర్ నస్రీన్‌ని పట్టుకున్నాను. బాతుల సంగతి చెబితే విసుక్కుంటుందనుకున్నాను. విసుక్కోలేదు. మనుషుల్లో ఎవరైనా అలా నడుస్తున్నారా అని అడిగింది. చెప్పాను. ఎన్ని బిళ్ళలు, ఎన్నాళ్ళ నుంచి అంది. వానలు పట్టినప్పటి నుంచి రెండు, తర్వాత నాలుగు అన్నాను.

"నాలుగు చెయ్యమని ఎవరు చెప్పారు?"

"నేనే ఇచ్చానమ్మా."

డాక్టర్ నెమ్మదిగా, నాకర్థమయ్యేలా చెప్పింది. ఆ బిళ్ళ వేలమందిని ఏమీ చేయదట. ఎక్కడో ఒకరికి మాత్రం మెదడులో నడకని సర్దే చోటుకీ, నాలుకని తిప్పే చోటుకీ ఎక్కుతుందట. అరికాళ్ళు మొద్దుబారేది కూడా దానివల్లేనట. రోజుల తరబడి వేసుకున్నవాళ్ళకీ, కాలేయం దెబ్బతిన్నవాళ్ళకీ ఆ ప్రమాదం ఎక్కువ. నూకరాజు పాత తాగుడు అతని కాలేయాన్ని ఎప్పుడో తినేసి ఉంటుంది. పక్షుల్లో బాతులకి ఆ జాతి మందు అసలు పడదట.

"ఇంకొకటి చెప్తాను వినండి" అంది. "ఆ బిళ్ళ వేసుకుంటూ సారా తాగితే చాలామందికి మొహం కందిపోయి వాంతులు పట్టుకుంటాయి. మీరు ఇచ్చిన లెక్కన వేసుకునే మనిషి రోజూ తాగుతూ ఉంటే, తెలుసుకోవడానికి మీకు గీత అక్కర్లేదు."

బాగవుతాడా అని అడిగాను. బిళ్ళ ఆపేస్తే చాలామంది కోలుకుంటారు, ఎంత తొందరగా ఆపితే అంత మంచిది, ఆపకపోతే ఫిట్స్ రావచ్చు, స్పృహ పోవచ్చు అంది. అప్పుడు గుర్తొచ్చింది, మూటలో నేను కట్టిన పొట్లం. శిబిరంలో రేడియో లేదు. ఆమె బోటు అక్కడికి చేరేది ఏకాదశికి. ఈలోగా పోయే బోటేదీ లేదు.

ఏకాదశి దాకా రోజుకి నాలుగు. తప్పకుండా వేసుకో అని చెప్పి మరీ పంపాను.

ఝాన్సీ దగ్గరికి పోయి అంతా చెప్పాను. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది. వలకి చిల్లులు కుడుతూ విన్నది, విని మళ్ళీ కుట్టుకుంటూ కూర్చుంది. కుట్టినచోటే కుడుతోంది.

బహుళ పంచమి. సముద్రం మామూలు.

సింహాద్రి నా మాట చెవిన పెట్టలేదు. మరిది పోయాక మనసు కరిగింది, పోన్లే పెద్దమనిషి అన్నట్టు మాట్లాడాడు. రేడియోలో డాక్టరమ్మ చూడకుండా చెప్పే మాట మీద చట్టం మారుస్తామా అన్నాడు. ఒకణ్ణి వెనక్కి రానిస్తే గీతకి విలువేముంటుందన్నాడు. మొన్నటిదాకా ఈ మాటలు నేను అనేవే. ఎదుటివాడి నోట్లోంచి వింటే ఎంత కటువుగా ఉంటాయో ఇప్పుడు తెలిసింది.

గీత పెద్దకి ఎవరినైనా గీత మీద నడిపించే అధికారం ఉంది. కాబట్టి పొద్దున అందరూ చూస్తుండగా బాతుల్ని తెచ్చాను. గీత ఆ చివర పచ్చి చేప ముక్కలు వేశాను. ముందు పొదుగు బాతుల్ని వదిలాను. అవి కేకలేసుకుంటూ సూటిగా పోయి చేపల మీద పడ్డాయి. జనం నవ్వారు, భూలక్ష్మికి మతిపోయిందన్నారు. తర్వాత తవుడు బాతుల్ని వదిలాను. ఒకటి గుండ్రంగా తిరిగింది. ఒకటి పక్కకి ఒరిగి రెక్క మీద ఊగింది. పుంజుబాతు రెండడుగులు వేసి ముక్కు నేలకి గుచ్చుకుని పడింది. చేపలు కళ్ళ ముందే ఉన్నాయి, దానికి ఆకలిగానూ ఉంది. లేవడానికి అది పడే యాతన చూసి నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఇవి మూడు రోజుల్నించీ ఇంతే" అన్నాను. "వీటిని కూడా బోటెక్కించేద్దామా సింహాద్రీ?"

అతను జవాబు చెప్పేలోగా తొట్టి కడిగే లోవరాజు ముందుకొచ్చాడు. పదిరోజుల్నించి తనకీ అరికాళ్ళల్లో తిమ్మిరట. చెబితే గీత మీద గుచ్చి గుచ్చి చూస్తారని నోరు మూసుకున్నాడట. ఆ మాటకి సింహాద్రి మొహం వాడిపోయింది. గీత చూసి భయపడి జబ్బు దాచుకున్నవాడు అవే కాళ్ళతో తొట్టి గోడలెక్కుతున్నాడు. నీళ్ళలో పడి ఉంటే తాగి పడ్డాడనే అనుకునేవాళ్ళం.

నూకరాజుని వెనక్కి పంపమని నస్రీన్ బోటుతో శిబిరానికి మాట పంపడానికి సింహాద్రి ఒప్పుకున్నాడు. వచ్చాక మాత్రం చట్టం ప్రకారం గీత మీద నడవాలన్నాడు.

బహుళ ఏకాదశి. వాన.

పొద్దుటి నుంచి రేడియో గదిలోనే ఉన్నాను. ఝాన్సీ కూడా.

మధ్యాహ్నం నస్రీన్ గొంతు వినపడింది. బతికే ఉన్నాడు. ఝాన్సీ నోట్లో కొంగు కుక్కుకుంది. లేచి కూర్చోలేని స్థితిలో ఉన్నాడట, మాట అసలు అర్థం కావడం లేదట, మొన్న ఒకసారి ఫిట్స్ వచ్చిందట. తలకింద బిళ్ళల పొట్లం ఉంటే తీసుకోబోయిందట. ఇవ్వలేదట. ఆ చేతులతోనే గట్టిగా పట్టుకుని, ఒకే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడట. ఏమంటున్నాడో ఆమెకి చాలాసేపటికిగాని అర్థం కాలేదు.

"మా వదిన ఇచ్చింది అంటున్నాడు. వదినంటే మీరేనా?"

నేనేనని చెప్పాను. ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో ఝాన్సీయే విన్నది.

రెండో పౌర్ణమి. నిండు పోటు.

మధ్యలో రాయడానికి బుద్ధి పుట్టలేదు. కుండలో మిగిలిన బిళ్ళలు నస్రీన్ బోటుకి అప్పగించేశాను. జబ్బు వచ్చినవాళ్ళకి ఆమే చూసి, ఎన్ని రోజులో చెప్పి ఇస్తోంది. లోవరాజు తిమ్మిరి తగ్గుతోంది. పుంజుబాతు చచ్చిపోయింది, మిగతావి కోలుకున్నాయి.

ఇవాళ నూకరాజు వచ్చాడు. సగానికి చిక్కిపోయాడు. కళ్ళు నిలిచాయి. మాట తేటగా ఉంది, ముందుకంటే కొంచెం నెమ్మది. బోటు నుంచి తెప్ప మీదికి తనే ఎక్కాడు, కాకపోతే ప్రతి అడుగూ చూసుకుని వేస్తున్నాడు. అరికాళ్ళు ఇంకా తెలియడం లేదట. ఎప్పటికి తెలుస్తాయో, అసలు తెలుస్తాయో లేదో నస్రీన్ కూడా చెప్పలేకపోయింది.

తెప్పంతా గీత చుట్టూ చేరింది. ఇవాళ వద్దు, కొన్నాళ్ళు ఆగమని సింహాద్రే అన్నాడు. నడుస్తానని నూకరాజే పట్టుబట్టాడు. తలవంచి, కాళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా నడిచాడు. సగం దాటాడు. ముప్పాతిక దాటాడు. అప్పుడు చిన్నపిల్ల ఎవరో "మావయ్యా" అని పిలిస్తే తల ఎత్తాడు. కళ్ళు కాళ్ళని వదిలేసరికి ఎడమకాలు గీత దాటి పక్కకి పడింది.

అందరూ నా వైపు చూశారు. నిలిచాడని పలకమని వాళ్ళ మొహాలు అడుగుతున్నాయి. ఝాన్సీ మొహం మరీ అడుగుతోంది. పలికితే ఎవరూ కాదనరు. కానీ ఈ గీత మీద ఇన్నేళ్ళలో నేను అబద్ధం పలకలేదు. నేలెక్కడుందో తెలియని కాళ్ళకి మోకు గది అప్పగించలేను. ఒక్క మాటే పలకాలన్న చట్టాన్ని మాత్రం దాటాను.

"తూలాడు" అన్నాను. "తాగలేదు. అప్పుడూ తాగలేదు. ఆ బిళ్ళలు నేను తినిపించాను."

సింహాద్రి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. మోకు పని కాదుగాని నూకరాజు ఉండడం ఇక్కడే ఉంటాడని గట్టిగా అన్నాడు. జనం కదిలారు. ఝాన్సీ వచ్చి నూకరాజు చెయ్యి పట్టుకుంది.

ఎండకి అతని పెదాలు పగిలిపోయి ఉన్నాయి. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి అందించాను. తీసుకోబోయాడు. చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది. నా చెయ్యి వంక చూశాడు, నా మొహం వంక చూశాడు.

"కోపం కాదు వదినా" అన్నాడు. "నీ సేతిలోది తీసుకోబుద్ధి కాట్లేదు, అంతే."

అలాగేనన్నాను. ఝాన్సీ అతన్ని మెల్లగా నడిపించుకుపోయింది. తనంతట తనే తీసుకునేలా గ్లాసు గీత చివర పెట్టి వచ్చాను. రేపూ పెడతాను.